రేకుల మీద నాలుగు ప్యానెళ్లు, 150 దగ్గర ఇరుక్కుపోయిన వోల్టేజీ

పలాస పక్క ఊళ్లో ఒక రేకుల షెడ్డు. పైన 540 వాట్ల మోనో పెర్క్ రకం సోలార్ ప్యానెళ్లు నాలుగు, లోపల గోడకు వాటి డీసీ కరెంటును ఏసీగా మార్చే 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్. చేతిలో డబ్బు ఆడాక ఇంకో రెండు ప్యానెళ్లు కలుపుకుందామని ఇన్వర్టర్ మాత్రం ముందే పెద్దది పెట్టించుకున్నారు. మార్చిలో రోజుకు 9 యూనిట్ల దాకా వచ్చింది. మే రెండో వారానికి 8కి దిగిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, పొద్దు కూడా మార్చి కంటే ఎక్కువసేపు ఉంటోంది. దుమ్మేమోనని షెడ్డు యజమాని రెండుసార్లు కడిగించారు, మార్పు లేదు.

"ఏటి బావూ, ఎండ ముదిరితే కరెంటు ఎక్కువ రావాల గదా, తగ్గుతాదేటి?" అన్నది ఆయన అడిగిన మొదటి మాట. న్యాయమైన ప్రశ్నే. ఎండలో రెండు ఉన్నాయి: వెలుగు, వేడి. వెలుగు పెరిగితే ఆంపియర్లు పెరుగుతాయి. వేడి పెరిగితే వోల్టులు పడిపోతాయి. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మే నెలలో ఈ రెండోది ఎంత పడుతుందో లెక్క కట్టకుండానే చాలాచోట్ల ప్యానెళ్లు బిగించేస్తున్నారు. ఆ షెడ్డు మీద ఒక రోజంతా కొలిచి, ఆ తర్వాత సరిచేసిన పని ఇది. అంకెలతో సహా రాస్తున్నాను, ఎవరి ఇంటి మీదైనా ఇదే వరసలో చూసుకోవచ్చు.

ముందు ప్యానెల్ వెనక అంటించిన లేబుల్ చదవాలి. దీని మీద ఉన్నవి: వీఓసీ 49.5 వోల్టులు, వీఎంపీ 41.6 వోల్టులు, ఐఎస్‌సీ 13.9 ఆంప్స్, ఐఎంపీ 13 ఆంప్స్. వీఓసీ అంటే ఏ లోడూ లేనప్పుడు తీగల మధ్య ఉండే వోల్టేజీ. వీఎంపీ అంటే ప్యానెల్ అత్యధిక పవర్ ఇచ్చే వోల్టేజీ. ఐఎస్‌సీ అంటే రెండు తీగలూ నేరుగా కలిపేస్తే పారే కరెంటు, ఐఎంపీ అంటే వీఎంపీ దగ్గర పారే కరెంటు. నాలుగూ వరసగా ఒక స్ట్రింగ్‌లో కలిపితే వీఓసీ 198, వీఎంపీ 166.4. కానీ ఈ అంకెలన్నీ ల్యాబ్‌లో సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగులో తీసినవి. గాలి కాదు, సెల్ 25 డిగ్రీలు. ఇక్కడే తప్పు దొర్లుతుంది. మన దగ్గర సెల్ 25 డిగ్రీలు ఉండి నెత్తిన ఎండ కాసే క్షణం సంవత్సరం మొత్తంలో దాదాపు ఉండదు. కాబట్టి లేబుల్ అంకె ఒక కొలబద్ద మాత్రమే, మనకు వచ్చేది అది కాదు.

డేటాషీట్‌లో కింద మరో మూడు అంకెలు ఉంటాయి. ఎక్కువమంది చూడనివీ, అసలు చూడాల్సినవీ అవే. ఈ ప్యానెల్‌కు వీఓసీ డిగ్రీకి 0.27 శాతం తగ్గుతుంది. పవర్ డిగ్రీకి 0.35 శాతం తగ్గుతుంది. ఐఎస్‌సీ డిగ్రీకి 0.05 శాతం పెరుగుతుంది, అంటే చాలా కొంచెం. వీఎంపీకి విడిగా అంకె ఇవ్వరు. ఆంపియర్లు దాదాపు మారవు కనుక పవర్ అంకెనే వీఎంపీకి వాడితే లెక్క సరిపోతుంది. వీఓసీ కంటే వీఎంపీ వేగంగా పడుతుందన్నది గుర్తుండాలి. మీటర్‌తో వీఓసీ చూసి "బాగానే ఉందే" అనుకుని దిగిపోయేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

శాతాలు మనసులో నిలవవు. వోల్టుల్లోకి మార్చుకుంటే మీటర్ చూడగానే తెలుస్తుంది. 198లో 0.27 శాతం అంటే 0.53. నాలుగు ప్యానెళ్ల స్ట్రింగ్‌కు సెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కితే అర వోల్టు పోతుంది. ఆరు ప్యానెళ్లయితే 0.8 వోల్టు. లోపల జరిగేది ఇది: సిలికాన్ వేడెక్కేకొద్దీ సెల్ లోపలే కొంత కరెంటు వెనక్కి కారిపోవడం పెరుగుతుంది, ఆ కారడం పెరిగినంతా సెల్ నిలబెట్టగలిగిన వోల్టేజీ తగ్గుతుంది. ఒక్క సెల్‌కు డిగ్రీకి 2 మిల్లీవోల్టుల లోపే. ఈ ప్యానెల్‌లో 144 సగం సెల్స్ ఉంటాయి, వోల్టేజీ పరంగా 72 వరసలో ఉన్నట్టు. నాలుగు ప్యానెళ్లకు 288. ఆ చిన్న మిల్లీవోల్టులే 288 సార్లు కలిసి మనకు కనబడతాయి.

ఇక కొలత. రేకు మీద మధ్యాహ్నం కాలు పెట్టలేం. అందుకని పైన పని అంతా ఉదయం 7లోపు ముగించుకోవాలి. ప్యానెల్ వెనక తెల్ల షీటుకు, నాలుగు మూలలకూ దూరంగా నడిమధ్యలో, వేడి కొలిచే సన్నని థర్మోకపుల్ తీగ చివరను అల్యూమినియం టేపుతో గట్టిగా అంటించి, తీగను కిందికి వదిలాం. గన్ థర్మామీటర్‌తో అద్దం మీద కొడితే ఆకాశం ప్రతిబింబం కలిసి తక్కువ చూపిస్తుంది. మెరిసే జీఐ రేకు మీద కొడితే ఇంకా తప్పు. వెనక షీటు మీద కొడితే నమ్మొచ్చు కానీ ఇక్కడ ప్యానెల్ కింద గన్ దూరేంత చోటు లేదు. ప్యానెల్‌కూ రేకుకూ మధ్య సందు రెండంగుళాలే. ఆ సంగతి తర్వాత చెప్తాను, మొత్తం కథలో సగం ఆ సందుదే.

వీఓసీ కొలవాలంటే స్ట్రింగ్‌లో కరెంటు పారకూడదు. వరస మార్చొద్దు: ముందు ఏసీ వైపు బ్రేకర్ ఆపాలి, ఇన్వర్టర్ ఆగాక డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఆపాలి, క్లాంప్ మీటర్ డీసీలో పెట్టి తీగ చుట్టూ బిగించి సున్నా చూపిస్తోందని నిర్ధారించుకోవాలి. ఆ తర్వాతే డీసీడీబీ (ప్యానెళ్ల తీగలు వచ్చి చేరే డీసీ పెట్టె) తెరిచి, ప్యానెల్ వైపు టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టాలి. మీటర్ తీగ పొరపాటున ఆంప్స్ రంధ్రంలో ఉంటే అది షార్ట్ సర్క్యూట్. కరెంటు పారుతుండగా ప్యానెల్ తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగితే డీసీ ఆర్క్ పుడుతుంది, ఏసీలా తనంతట తాను ఆరదు. కనెక్టర్‌నీ చేతినీ రెంటినీ కాలుస్తుంది. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఇంకొక చిన్న జాగ్రత్త. ఇన్వర్టర్ ఆపగానే ప్యానెల్ బయటికి పంపుతున్న పవర్ కూడా లోపలే వేడిగా మారుతుంది. కొన్ని నిమిషాల్లో రెండు మూడు డిగ్రీలు ఎక్కుతుంది. అందుకని ఆపిన మొదటి నిమిషంలోనే రీడింగ్ తీసుకోవాలి. తీరిగ్గా టీ తాగొచ్చి కొలిస్తే ఒకటిన్నర వోల్టు తక్కువ వస్తుంది.

ఆ రోజు వచ్చినవి ఇవి. ఉదయం 6.30కి 182 వోల్టులు. 8 గంటలకు 178. పదింటికి 172. మిట్టమధ్యాహ్నం 12.15కి 169. సాయంత్రం 3.30కి మళ్లీ 175. పొద్దున్నే వెలుగు నాలుగో వంతు కూడా లేనప్పుడు వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువ, నడినెత్తిన సూర్యుడున్నప్పుడు అన్నిటికంటే తక్కువ. యజమాని మీటర్ చెడిపోయిందేమో అన్నారు. చెడలేదు. వెలుగు తగ్గితే వోల్టేజీ కొద్దిగానే తగ్గుతుంది, వెలుగు సగమైనా ఈ స్ట్రింగ్‌కు పోయేది ఐదారు వోల్టులే. వేడి మాత్రం ఒక్క డిగ్రీని కూడా వదిలిపెట్టకుండా లాక్కుంటుంది.

మధ్యాహ్నం అంకెను సరిచూసుకున్న తీరు: నీడలో గాలి 40 డిగ్రీలు. చేతి సోలార్ మీటర్‌ను ప్యానెల్ వాలులోనే ఆనించి చూస్తే 900 వాట్లు. వెనక షీటు 75 డిగ్రీలు. నిండు ఎండలో సెల్ వెనక షీటు కంటే దాదాపు 3 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది కనుక సెల్ 78. అంటే ల్యాబ్ 25 కంటే 53 డిగ్రీలు పైన. 53ను 0.53తో గుణిస్తే 28 వోల్టులు. 198లోంచి 28 తీసేస్తే 170, వెలుగు వెయ్యి కాక తొమ్మిదొందలే కాబట్టి ఇంకో వోల్టు తగ్గించుకోవాలి. మీటర్ చూపించిందీ అదే, 169. లెక్కా మీటరూ ఇలా వోల్టు తేడాలో కలిసినప్పుడు ప్యానెళ్లలో లోపం లేదని ధైర్యంగా చెప్పొచ్చు.

గాలి 40 ఉంటే సెల్ 78 ఎందుకైంది? డేటాషీట్‌లో ఎన్‌ఓసీటీ అని 45 డిగ్రీలు రాసి ఉంటుంది. గాలి 20 డిగ్రీలు, వెలుగు 800 వాట్లు, ఓ మోస్తరు గాలి వీస్తూ, ప్యానెల్ చుట్టూ ఖాళీగా ఉన్నప్పుడు సెల్ అంత ఉంటుందని దాని అర్థం. అంటే 800 వాట్లకు 25 డిగ్రీల పెరుగుదల. 900 వాట్లకు 28. ఆ లెక్కన మన ప్యానెల్ 68 దగ్గర ఆగాలి. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక డాబా మీద ఏడడుగుల ఎత్తున స్టాండ్ వేసి బిగించిన ఆరు ఇలాంటి ప్యానెళ్లను అదే వారంలో చూస్తే, గాలి 40 దగ్గరే వెనక షీటు 62 చూపించింది. సెల్ 65. కింద నుంచి గాలి ఆడుతోంది కనుక లెక్క కంటే కూడా తక్కువ. పలాస రేకు మీద 13 డిగ్రీలు ఎక్కువ. నాలుగు ప్యానెళ్లకు అది దాదాపు 7 వోల్టులు.

ఆ రెండంగుళాల సందును తప్పుపట్టడం తేలిక. కానీ అలా ఎందుకు బిగించారో ఈ ప్రాంతం వాళ్లకు తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి, రేకులు ఎగిరిపోయాయి. అది చూసినవాడెవడూ రేకు మీద ప్యానెల్‌ను పైకి లేపనివ్వడు. రేకుకు అంటిపెట్టుకుని ఉంటే గాలి కిందికి దూరదని వాళ్ల భయం, అందులో నిజం ఉంది. కాకపోతే గాలి దూరకపోతే వేడి కూడా బయటికి పోదు. కింద కాగిన రేకు, పైన కాగిన ప్యానెల్, మధ్యలో కదలని గాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఆ సందులో చెయ్యి పెడితే పొయ్యి మీది ఆవిరిలా తగులుతుంది.

ఇంతవరకూ చెప్పింది వేడి వల్ల అందరికీ పోయేదే. ఈ షెడ్డులో అసలు దెబ్బ మరోచోట ఉంది. ఇన్వర్టర్‌లో అత్యధిక పవర్ దొరికే వోల్టేజీని వెతికే భాగాన్ని ఎంపీపీటీ అంటారు. ఇన్వర్టర్ పుస్తకంలో దాని రేంజ్ 150 నుంచి 500 వోల్టులు, గరిష్ఠ డీసీ 550 అని ఉంది. ఇన్వర్టర్ అత్యధిక పవర్ దొరికే చోటును 150కి కింద వెతకదు. మధ్యాహ్నం 78 డిగ్రీల దగ్గర మన స్ట్రింగ్ వీఎంపీ ఎంత? 53ను 0.35తో గుణిస్తే 18.5 శాతం. 166.4లోంచి అది పోతే 135.5 వోల్టులు. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా 30 మీటర్ల దూరం, 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, రానూ పోనూ 60 మీటర్లు. తీగ వేడెక్కాక నిరోధం 0.35 ఓమ్ దాకా ఉంటుంది. పన్నెండు ఆంప్స్‌కు ఇంకో 4 వోల్టులు అక్కడే పోతాయి. ఇన్వర్టర్ దాకా చేరేసరికి 131. అది వెతకడం మొదలుపెట్టేదే 150 దగ్గర.

ఇది డిస్‌ప్లే మీద స్పష్టంగా కనబడింది. ఉదయం ఏడింటికి డీసీ 158 చూపించింది, అంకె అటూ ఇటూ కదులుతోంది. ఎనిమిదిన్నరకు 150కి వచ్చి ఆగింది. అక్కడి నుంచి 150.1, 150.3, 150.0, 150.2. చిన్న మబ్బు వచ్చినా అదే, పోయినా అదే. ఆరోగ్యంగా ఉన్న ఎంపీపీటీ వోల్టేజీ ఎప్పుడూ ఇలా మేకు కొట్టినట్టు ఉండదు. అది నిరంతరం తడుముకుంటూ నాలుగైదు వోల్టులు ఊగుతూ ఉంటుంది. కదలకుండా రేంజ్ కింది అంచు దగ్గర నిలబడిందంటే స్ట్రింగ్ పొట్టిదైపోయిందని అర్థం. ఈ ఒక్క గుర్తు తెలిస్తే మల్టీమీటర్ లేకుండా కూడా రోగం పట్టుకోవచ్చు.

మధ్యాహ్నం క్లాంప్ మీటర్ 8.4 ఆంప్స్ చూపించింది. 150ని 8.4తో గుణిస్తే 1260 వాట్లు. అదే 131 దగ్గర నడవగలిగితే 11.7 ఆంప్స్ వచ్చేవి, 1530 వాట్లకు పైగా. వోల్టేజీ కాస్త ఎక్కువ ఉంచినందుకు ఆంప్స్ అంతలా పడతాయా అంటే, పడతాయి. వీఎంపీ దాటాక ప్యానెల్ గీత కొండ అంచులా కిందికి జారుతుంది, 169 దగ్గర పూర్తిగా సున్నా. 150 ఆ జారుడు మీద ఉంది. మధ్యాహ్నం 1.40కి సముద్రం వైపు నుంచి గాలి తగిలింది. వెనక షీటు 75 నుంచి 71కి వచ్చింది. ఎండ అంతే, వోల్టేజీ అంతే, ఆంప్స్ మాత్రం 8.4 నుంచి 9.1కి ఎక్కాయి. నాలుగు డిగ్రీలకు వంద వాట్లు. మామూలు స్ట్రింగ్‌లో నాలుగు డిగ్రీలకు దక్కేది దాదాపు పాతిక వాట్లే.

రోజు మొత్తం మీద ఇలా పోతున్నది దాదాపు ఒక యూనిట్. ఇది మేలో పుట్టిన జబ్బు కాదని కూడా చెప్పాలి. మార్చి మధ్యాహ్నం సెల్ 71 అనుకున్నా వీఎంపీ 140లోపే, అప్పుడూ 150 దగ్గర ఆగే ఉంటుంది. కాకపోతే జారుడు అంచున కాస్త పైన ఉండటం వల్ల నష్టం తక్కువ, ఎవరూ గమనించలేదు. మే వేడి దాన్ని బయటపెట్టింది.

నిర్ధారించుకునే ముందు మిగతావి కొట్టివేసుకోవాలి. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటు పోయేందుకు ప్యానెల్‌కు మూడు బైపాస్ డయోడ్‌లు ఉంటాయి. ఒకటి షార్ట్ అయితే ఆ ప్యానెల్‌లో మూడో వంతు వోల్టేజీ ఒక్కసారిగా పోతుంది, అంటే 15 వోల్టుల దాకా. వేడి అలా చేయదు, అన్ని ప్యానెళ్ల నుంచీ సమానంగా గిల్లుతుంది. ఉదయం ఏడింటిలోపు ఒక్కో ప్యానెల్ విడదీసి కొలిస్తే 45.3, 45.5, 45.4, 45.4 వచ్చాయి. నాలుగూ ఒకే మాట చెప్పాయి. ఒకటి 30 చూపించి ఉంటే కథ వేరు. దుమ్ము, నీడ అయితే వీఓసీ బాగానే ఉండి ఆంప్స్ తగ్గుతాయి. ఇన్వర్టరే వేడెక్కి తగ్గించుకుంటుంటే డీసీ వోల్టేజీ పైకి ఎక్కుతుంది, వీఓసీ వైపు జరుగుతుంది. పడమటి గోడకు ఎండలో బిగించిన ఇన్వర్టర్లలో ఇది ఎక్కువ. ఈ షెడ్డులో నీడలోనే ఉంది, ఆ అనుమానం లేదు. లైన్ వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ఆగిపోవడం పల్లె ఫీడర్లలో ఉన్నదే కానీ అప్పుడు డిస్‌ప్లే మీద గ్రిడ్ లోపమని రాస్తుంది, రోజు పవర్ గ్రాఫ్‌లో గోతులు పడతాయి. ఇక్కడ గోతుల్లేవు, పైభాగం చదునుగా కోసేసినట్టు ఉంది.

నీళ్లు పోసి చల్లార్చే ఆలోచన అందరికీ వస్తుంది. మధ్యాహ్నం చేయొద్దు. 75 డిగ్రీల అద్దం మీద చన్నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది, బోరు నీళ్లయితే తెల్లటి మచ్చలు గట్టిపడి పోవు. పైగా ఆ చల్లదనం పది పదిహేను నిమిషాల్లో ఆవిరైపోతుంది. కడగడం తెల్లవారుజామున, దుమ్ము కోసం మాత్రమే.

సరిచేయడం రెండు విడతలుగా జరిగింది. ముందు ప్యానెళ్లను రెండంగుళాల నుంచి ఆరంగుళాలకు లేపాం. రేకుకు స్క్రూ కొట్టి కాదు. రేకు కింది పర్లిన్‌ను (రేకును మోసే అడ్డ కడ్డీని) పట్టుకునేలా యూ-బోల్టులు వేసి, వాటి మీద జీఐ సీ-ఛానెల్, దాని మీద ప్యానెల్. ఛానెల్ ప్రతి పర్లిన్ దగ్గరా బిగించాలి, ఒకటి వదిలి ఒకటి కాదు. రేకుకు రంధ్రం పడ్డ ప్రతిచోటా రబ్బరు వాషర్, పైన సీలెంట్. ప్యానెల్‌కు నాలుగు క్లాంపులు, అవి పడాల్సిన చోటు ఫ్రేమ్ పొడవులో ఎక్కడో ప్యానెల్ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. చివరలకు జరిపితే గాలికి ఫ్రేమ్ వంగుతుంది. రేకు అంచుల దగ్గర, మూలల దగ్గర గాలి లాగుడు అన్నిటికంటే ఎక్కువ, అందుకని అంచు నుంచి రెండడుగులు లోపలికి జరిపాం. ప్యానెల్‌కూ ప్యానెల్‌కూ మధ్య 20 మిల్లీమీటర్లు వదిలాం. కింది అంచు, పై అంచు రెండూ తెరిచే ఉండాలి. అందంగా ఉంటుందని రేకు ముక్కతో మూసేస్తే లేపిన ఫలితం పోతుంది. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, 28 కిలోల బరువు. తుపాను గాలికి అది తెరచాప. అందుకే సందు పెంచే ముందు పర్లిన్‌లు తుప్పు పట్టలేదని చూసుకోవాలి. పట్టి ఉంటే లేపొద్దు, వేడి నష్టం భరించడమే మేలు. ఈ మాట మీద నాకు రెండో ఆలోచన లేదు.

లేపాక, అదే 40 డిగ్రీల గాలి, 900 వాట్ల దగ్గర వెనక షీటు 75 నుంచి 66కి దిగింది. సెల్ 69. వీఓసీ 169 నుంచి 173.5కి ఎక్కింది. ఆంప్స్ 8.4 నుంచి 9.5. బాగుంది, 165 వాట్లు పెరిగాయి. కానీ డిస్‌ప్లే మీద వోల్టేజీ ఇంకా 150.1, 150.2. ఎందుకంటే 69 డిగ్రీల దగ్గర కూడా వీఎంపీ 141 మాత్రమే. గాలి ఎంత ఆడించినా నాలుగు ప్యానెళ్లు మే నెలలో 150 చేరవు. సందు సగం వైద్యం, సంఖ్య మిగతా సగం.

కాబట్టి రెండో విడతలో, మొదట్లో తర్వాత కలుపుకుందామనుకున్న ఆ రెండు ప్యానెళ్లూ కలిపాం. కొత్తవి కూడా అదే వాటేజీ, అదే ఆంప్స్ ఉండాలి. వరస స్ట్రింగ్‌లో అందరూ తక్కువ ఆంప్స్ ఉన్నవాడి నడకే నడుస్తారు. 9 ఆంప్స్ ఉండే పాత పాలీ ప్యానెల్ చౌకగా దొరికిందని 13 ఆంప్స్ వాటి మధ్య పెడితే మిగతావీ దాని స్థాయికి దిగుతాయి. ఎంసీ4 కనెక్టర్లు ఆడ మగ రెండూ ఒకే తయారీవి వాడాలి. వేర్వేరువి బిగుతుగా కూర్చున్నట్టే ఉంటాయి కానీ లోపల సరిగ్గా తగలక వేడెక్కి కరుగుతాయి. అనుమతి ఎన్ని కిలోవాట్లకు వచ్చిందో కూడా ముందే చూసుకోవాలి. నెట్ మీటర్ ఉన్న కనెక్షన్‌లో అంతకు మించి ప్యానెళ్లు పెంచాలంటే మన జిల్లాల కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ దగ్గర మళ్లీ దరఖాస్తు పెట్టాలి. వీళ్లకు మొదట్లోనే పూర్తి సామర్థ్యానికి అనుమతి ఉంది.

ఆరు ప్యానెళ్లతో మధ్యాహ్నం డిస్‌ప్లే మీద 207 వోల్టులు, అంకె ఇప్పుడు ఊగుతోంది: 205, 209, 206. క్లాంప్ మీద 11.7 ఆంప్స్. 2420 వాట్లు. ఒక్కో ప్యానెల్ వాటా చూస్తే, ముందు 315 వాట్లు ఇచ్చింది ఇప్పుడు 403 ఇస్తోంది, అదే ఎండలో. రోజుకు 13.5 యూనిట్లు.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఈ లెక్క బిగించకముందే కాగితం మీద వేసుకోవచ్చు. గాలి 42 డిగ్రీలు అనుకోండి. ఎత్తైన స్టాండ్ మీదైతే దానికి 28 కలపండి, సెల్ 70. రేకుకు దగ్గరగా అయితే 38 కలపండి, సెల్ 80. అందులోంచి 25 తీసేసి, డేటాషీట్‌లోని పవర్ శాతంతో గుణించి, వీఎంపీలోంచి తగ్గించండి. మన ప్యానెల్‌కు 80 డిగ్రీల దగ్గర 33.6 వోల్టులు. ఇన్వర్టర్ ఎంపీపీటీ కింది అంచుకు పది శాతం కలుపుకోండి, తీగ నష్టానికీ ప్యానెల్ పాతబడటానికీ. 150కి 165. 165ను 33.6తో భాగిస్తే 4.9, అంటే ఐదుకు తగ్గకూడదు. ఎంపీపీటీ 80 దగ్గరే మొదలయ్యే ఇన్వర్టర్లూ దొరుకుతాయి. మూడు, నాలుగు ప్యానెళ్లతో సరిపెట్టుకోవాలనుకునేవాళ్లు పుస్తకంలో ఆ ఒక్క అంకె చూసి కొంటే చాలు.

పై హద్దు చలికాలం ఉదయానిది. చల్లబడితే వోల్టేజీ పెరుగుతుంది కనుక ఇన్వర్టర్ గరిష్ఠ డీసీని దాటకూడదు. శ్రీకాకుళం, విజయనగరం మైదానాలకు 10 డిగ్రీలు పెట్టుకుంటే సరిపోతుంది. వీఓసీ ప్యానెల్‌కు 51.5 అవుతుంది, 550ని దానితో భాగిస్తే పది ప్యానెళ్లు. అరకు, లంబసింగి లాంటి చోట్ల 0 డిగ్రీలు పెట్టుకోవాలి. పుస్తకాల్లో ఎక్కువగా ఈ చలి హద్దు గురించే హెచ్చరిస్తారు. అది చలి దేశాలకు పెద్ద విషయం. మనకు చిన్న సిస్టంలలో తగిలేది కింది హద్దే.

పెర్క్ తర్వాత వచ్చిన టాప్‌కాన్ రకం ప్యానెళ్లు కొంటే వేడి సమస్య పోతుందా అని అడుగుతుంటారు. వాటికి పవర్ డిగ్రీకి 0.29, 0.30 శాతం తగ్గుతుంది. సెల్ 70 దగ్గర పెర్క్‌తో పోలిస్తే రెండున్నర శాతం ఎక్కువ పవర్ దక్కుతుంది. ధర తేడా తక్కువైతే తీసుకోవచ్చు. కానీ ఆరంగుళాల సందు, సరైన సంఖ్య ఇచ్చేది అంతకు చాలా ఎక్కువ.

లేపిన ప్యానెళ్ల కింద యూ-బోల్టులు, క్లాంపులు ఎండకు వ్యాకోచించి రాత్రికి సంకోచించి మెల్లగా వదులవుతాయి. ఈ షెడ్డు మీద సెప్టెంబరు నెలాఖరున, తుపానుల కాలం మొదలవకముందు, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో రాసినంత మళ్లీ బిగించాలని ఇన్వర్టర్ పక్క గోడ మీదే పెయింటుతో రాయించాం. దాని కింద మరో వరుస: మే మధ్యాహ్నం నడుస్తున్నప్పుడు 205 నుంచి 210, ఆపినప్పుడు వీఓసీ 260.